జమానత్ జప్తు

ఎన్నికల ఫలితాల మరుసటి రోజు ఉర్దూ అఖ్బార్లలో తప్పకుండా కనిపించే మాట ఒకటుంది: జమానత్ జప్తు. తెలుగులో డిపాజిట్ గల్లంతు అంటాం. సర్కారీ కాగితాల్లో అయితే ధరావతు. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి కాబట్టి నాకు జమానత్ అనగానే ముందు గుర్తొచ్చేది ఎలక్షన్ కాదు, కచేరీ. జైలు నుంచి విడిపించుకోవడానికి కట్టే పూచీని కూడా జమానత్ అనే అంటారు. ఒకే లఫ్జ్. మన దేశంలో సోషలిస్టుల తారీఖ్ చదువుతుంటే ఈ రెండు జమానత్‌లూ మాటిమాటికీ ఎదురవుతాయి. (తారీఖ్ అంటే తేదీ అనుకునేరు. ఉర్దూలో చరిత్ర కూడా తారీఖే.)

మొన్న చాయ్ దగ్గర ఒక దోస్త్ అడిగాడు. ‘ఈ చిన్న చిన్న ఎర్రజెండా పార్టీలు నామినేషన్లు ఎందుకు వేస్తాయి భాయ్? గెలవరు. ఓట్లు చీలుస్తారు. ఉన్న పైసలు పోగొట్టుకుంటారు. ఆ టైములో నాలుగు బస్తీలు తిరిగి పని చేస్తే బాగుండదా?’ అని. ఎన్నికల రాత్రుళ్లు ఆఫీసులో కూర్చుని పార్టీల పట్టికలు తయారు చేసిన అనుభవం నాకుంది. ఈ పార్టీలన్నీ మా పట్టికలో చివరి గడిలో, ‘ఇతరులు’ అనే పేరు కింద సర్దుకుంటాయి. కాబట్టి దోస్త్ సవాల్ నాకు కొత్తేమీ కాదు. కానీ జవాబ్ ఒక్క మాటలో అయ్యేది కూడా కాదు. ఎక్కడ నిలబడ్డారు, ఎవరి బలం మీద నిలబడ్డారు, గెలిస్తే ఏం చేశారు అన్న మూడూ చూడకుండా ఫైసలా చెప్పలేం. చూడాలంటే 1948కి పోవాలి.

ఆ ఏడాది మార్చిలో, గాంధీజీ హత్య జరిగి ఇంకా రెండు నెలలు కాకముందే, సోషలిస్టులు నాసిక్ సభలో కాంగ్రెస్‌ను వదిలి బయటికొచ్చేశారు. యూపీ శాసనసభలో ఆచార్య నరేంద్ర దేవ్, ఆయన సాథీలు డజను మంది దాకా ఉన్నారు. అందరూ కాంగ్రెస్ టికెట్ మీద గెలిచినవాళ్లే. కాంగ్రెస్‌ను వదిలాం కాబట్టి కాంగ్రెస్ పేరు మీద వచ్చిన కుర్సీ కూడా మనది కాదని అందరూ ఇస్తీఫా ఇచ్చేశారు. అప్పట్లో ఫిరాయింపుల చట్టం లేదు. ఇవ్వమని అడిగినవాడూ లేడు. ఒక పార్టీ బీ-ఫారం మీద గెలిచి ఇంకో పార్టీ కండువా కప్పుకుని అసెంబ్లీలో అదే సీట్లో కూర్చునే మన ఎమ్మెల్యేలను చూసిన కళ్లతో ఈ కథ చదివితే ఏదో పరాయి ముల్క్ కథ అనిపిస్తుంది.

ఉప ఎన్నికలు వచ్చాయి. నరేంద్ర దేవ్ ఫైజాబాద్ నుంచి మళ్లీ నిలబడ్డారు. బౌద్ధ దర్శనంలో పండితుడు, మార్క్సిస్టు, కాంగ్రెస్‌లోనూ అందరూ అదబ్‌తో చూసే మనిషి. ఆయన మీద కాంగ్రెస్ ఎవరిని దింపింది? బాబా రాఘవదాస్ అనే సాధువును. ఈయన దేవుణ్ణి నమ్మడు, అయోధ్యలో ఇలాంటివాడు గెలవొచ్చా అని ప్రచారం నడిచింది. నడిపింది ఏ మతపార్టీయో కాదు, కాంగ్రెస్సే. నరేంద్ర దేవ్ సుమారు 1,300 ఓట్లతో ఓడిపోయారు. మిగతా సాథీలు కూడా దాదాపు అందరూ ఓడారు.

ఏడాదిన్నర తర్వాత, 1949 డిసెంబరు 22 రాత్రి, అదే అయోధ్యలో బాబ్రీ మసీదు లోపల విగ్రహాలు పెట్టారు. ఆ ఉప ఎన్నిక వల్లే ఇది జరిగిందని నేను అనను, తారీఖ్ అంత సీదాగా నడవదు. కానీ ఆ ఊళ్లో ఓటును మజహబ్‌తో అడగొచ్చని, అడిగితే పడుతుందని ఒక పెద్ద పార్టీ నేర్చుకున్నది మాత్రం 1948లోనే. దాన్ని ఎదిరించి నిలబడి ఓడింది ఒక చిన్న పార్టీ మనిషి. ఆయన పోటీ చేయకపోతే నాలుగు పైసలు మిగిలేవేమో. ఆ ఊళ్లో ఇంకో మాట చెప్పినవాడు ఒకడున్నాడని మనకు తెలిసేదే కాదు.

ఇక 1951-52. మొదటి సాధారణ ఎన్నికలు. మేమే రెండో పెద్ద పార్టీ అని సోషలిస్టులు నమ్మారు. జయప్రకాశ్ నారాయణ్ సభలకు జనం విరగబడి వచ్చేవారు. ఆ నమ్మకంతో లోక్‌సభకు 254 మందిని నిలబెట్టారు. గెలిచింది 12 మంది. పడిన ఓట్లు మాత్రం కోటికి పైనే, అంటే పోలైన వాటిలో పదిన్నర శాతం. ఇప్పుడు కమ్యూనిస్టు పార్టీ లెక్క చూడండి. వాళ్లు 49 మందినే నిలబెట్టారు. 16 సీట్లు గెలిచారు. వాళ్లకు వచ్చిన ఓట్లు మూడు శాతం చిల్లర. మూడో వంతు ఓట్లతో నాలుగు సీట్లు ఎక్కువ! సోషలిస్టుల ఓటు దేశమంతా చల్లిన ఉప్పులా కరిగిపోయింది. కమ్యూనిస్టుల ఓటు కొన్ని ఇలాఖాల్లో రాశి పోసినట్టు పడింది.

బొంబాయిలో సోషలిస్టులతో పొత్తు పెట్టుకున్న షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున అంబేద్కర్ సాబ్ నిలబడి ఓడిపోయారు. సోషలిస్టు నాయకుడు అశోక్ మెహతా కూడా అక్కడే ఓడారు. అంతటి పెద్దమనుషులు ఓడిపోతే కార్యకర్తల దిల్ ఎట్లా ఉంటుంది? నాకైతే ఆ ఓటమిలో తప్పు పోటీ చేయడంలో కనిపించదు. శాఖ లేని చోట, ఒక్క కూలీ సంఘం లేని చోట కూడా పేరు పెట్టేయడంలో కనిపిస్తుంది. పార్టీ ఎంత ఉందో చూసుకోకుండా నక్షా ఎంత ఉందో చూసుకున్నారు.

అదే ఎన్నికల్లో మన హైదరాబాద్ రియాసత్‌లో ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే ఈ ఫరక్ ఇంకా బాగా తెలుస్తుంది. ఇక్కడ కమ్యూనిస్టు పార్టీ మీద పాబందీ ఉంది. సాయుధ పోరాటాన్ని విరమిస్తున్నామని 1951 అక్టోబరు 21న ప్రకటించారు. కొన్ని నెలల్లోనే పోలింగ్. కార్యకర్తల్లో కొందరు ఇంకా జైళ్లలో, కొందరు అజ్ఞాతంలో ఉన్నారు. పార్టీ పేరు వాడడానికి వీల్లేదు కాబట్టి పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్, మనవాళ్లు పీడీఎఫ్ అనేది, ఆ పేరుతో నిలబడ్డారు. 175 స్థానాల అసెంబ్లీలో కాంగ్రెస్‌కు 93 వస్తే పీడీఎఫ్‌కు 42 వచ్చాయి. సోషలిస్టులకు 11. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి 3 లక్షలు దాటి ఓట్లు పడ్డాయి. నెహ్రూకు కూడా అన్ని పడలేదు. అప్పట్లో కొన్ని చోట్ల ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరిని ఎన్నుకునేవారు. నల్లగొండ, నెహ్రూ నిలబడిన స్థానం, రెండూ అలాంటివే. కాబట్టి ఈ పోలికను కొట్టిపారేయడానికి లేదు.

పాబందీలో ఉన్న పార్టీ, అప్పుడే ఓడిన పోరాటం. సియాసీ పండితుడెవడైనా ఈసారికి ఆగండి అనే చెప్పేవాడు. కానీ నల్లగొండ, వరంగల్ పల్లెల్లో వాళ్లు ఓటు అడగడానికి కొత్తగా పోలేదు. వెట్టి బంద్ చేయించినప్పుడే, దొర గడీ ముందు నిలబడినప్పుడే పోయారు. ఓటు పెట్టె తర్వాత వచ్చింది.

ఇక్కడ మఖ్దూం మొహియుద్దీన్ పేరు చెప్పకుండా ముందుకు పోలేను. మెదక్ జిల్లా అందోల్‌లో పుట్టి, సిటీ కాలేజీలో ఉర్దూ చెప్పి, కార్మిక సంఘాల్లో తిరిగి, జైలూ అజ్ఞాతమూ రెండూ చూసిన షాయర్. 1952లోనే హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి హైదరాబాద్ అసెంబ్లీకి వెళ్లాడు. హుజూర్‌నగర్ అంటే కృష్ణ ఒడ్డున తెలుగు రైతుల ఇలాఖా. అక్కడి ఓటర్లలో ఆయన గజల్ చదవగలిగినవాళ్లు ఎందరుంటారు? వాళ్లు షాయరీకి ఓటేయలేదు. ఉర్దూలో చదివి తెలుగులో డిగ్రీ చేసి, రెండు జబానుల మధ్య బతుకుతున్న నాలాంటివాడికి ఆ గెలుపు లెక్కలకు అందనిది.

సోషలిస్టుల వైపు 1952 దెబ్బకు రెండు దారులు పుట్టాయి. విచిత్రం ఏమిటంటే రెండూ మన గడ్డ మీదుగానే పోయాయి. మొదటిది పోచంపల్లి నుంచి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికి వస్తే దళితులు భూమి అడిగారు, వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు, భూదానం మొదలైంది. ఎన్నికల్లో దెబ్బతిన్న జేపీ ఆ వైపు మళ్లారు. 1954లో బోధ్‌గయలో తన జీవితాన్నే దానం చేస్తున్నట్టు ప్రకటించి, పార్టీలు లేని ప్రజాస్వామ్యం అనే ఖయాల్‌లోకి వెళ్లిపోయారు. నా దోస్త్ చెప్పిన దారి ఇదే: ఎన్నికలు వదిలి పని చేసుకోవడం. జేపీ నీయత్ మీద నాకు షక్ లేదు. కానీ ఆయన పక్కకు తప్పుకున్నంత మాత్రాన ఓటు పెట్టెలు ఆగిపోలేదు. ఆయనను చూసి సోషలిస్టుకు ఓటేసినవాళ్లు తర్వాతి ఎన్నికల్లోనూ లైన్లో నిలబడ్డారు. వాళ్లు మాత్రం ఎక్కడికి పోతారు?

రెండో దారి కొంచెం లంబీ కహానీ. 1952 సెప్టెంబరులో సోషలిస్టులు, కృపలానీ గారి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ కలిసి ప్రజా సోషలిస్టు పార్టీ అయ్యారు. 1954లో తిరువాన్కూరు-కొచ్చిలో ఎన్నికలు వచ్చాయి. 117 మంది సభలో ఈ పార్టీకి వచ్చింది 19 మందే. కమ్యూనిస్టులను రానివ్వకూడదని 45 మంది ఉన్న కాంగ్రెస్ బయటి నుంచి మద్దతు ఇచ్చి, పట్టం థాను పిళ్లైని ముఖ్యమంత్రిని చేసింది. 19 మందితో హుకూమత్! దేశంలో మొదటి సోషలిస్టు ముఖ్యమంత్రి అని సంబరం.

ఆగస్టు 11న, తమ తాలూకాలను మద్రాసు రాష్ట్రంలో కలపాలని కోరుతున్న తమిళుల మీద మార్తాండం ప్రాంతంలో ఆ సర్కారు పోలీసులు గోలీ పేల్చారు. మనుషులు చచ్చిపోయారు. అప్పుడు పార్టీ ప్రధాన కార్యదర్శి రామమనోహర్ లోహియా. ఆయన యూపీలో కాలువ నీటి పన్ను మీద ఉద్యమం చేసి నైనీ జైల్లో ఉన్నారు. అక్కడి నుంచే తార్ కొట్టించారు: మంత్రివర్గం ఇస్తీఫా ఇవ్వాలి, విచారణ జరిపించాలి. నిరాయుధుల మీద గోలీ పేల్చిన హుకూమత్ సోషలిస్టు హుకూమత్ కాదన్నది ఆయన ఉసూల్.

పార్టీ వినలేదు. పాలన అంటే కొన్ని మజ్బూరీలు ఉంటాయి, ఉన్న ఒక్క సర్కారును మనమే పడగొట్టుకుంటామా అన్నారు. లోహియా కార్యదర్శి పదవి వదిలేశారు. పోనీ ఆ సర్కారైనా మిగిలిందా అంటే అదీ లేదు, 1955 ఫిబ్రవరిలో పడిపోయింది. అదే ఏడాది లోహియాను పార్టీ బయటికి పంపింది. డిసెంబరు ఆఖర్న ఆయన, సాథీలు ఒక చోట చేరి కొత్తగా సోషలిస్టు పార్టీ పెట్టుకున్నారు. ఎక్కడనుకున్నారు? మన హైదరాబాద్‌లో. బద్రీవిశాల్ పిత్తీ లాంటి దోస్తులు ఇక్కడ ఉన్నారు. ‘మ్యాన్‌కైండ్’ పత్రిక కూడా ఇక్కడి నుంచే వచ్చింది. కేరళ కొసన పేలిన తూటా చప్పుడుకు హైదరాబాద్‌లో పార్టీ పుట్టిందన్న సంగతి ఈ నగరంలో ఎంతమందికి యాద్ ఉందో.

ఆ పార్టీ కోసం లోహియా చెప్పిన మూడు మాటలు: జైలు, పార, ఓటు. పోరాటానికి జైలు, నిర్మాణానికి పార, మూడోది ఓటు. మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా పార్టీ కుంటిదవుతుంది. నా మట్టుకు నాకు దోస్త్ సవాల్‌కు దీనికంటే మంచి జవాబ్ దొరకలేదు. అయితే చెప్పినవాడే ఎంతవరకు పాటించాడో కూడా చూడాలి కదా.

1962లో లోహియా ఫూల్‌పూర్‌లో నెహ్రూ మీద నిలబడ్డారు. ఓడిపోతానని ఆయనకూ తెలుసు. నెహ్రూకు 1,18,931, లోహియాకు 54,360. జమానత్ దక్కింది. ఇది 1952 లాంటి పోటీ కాదు. దేశమంతా పేర్లు చల్లకుండా ఒక్క చోట, ఒక్క మనిషి మీద, ఒక్క సవాల్‌తో నిలబడ్డం: ఈ హుకూమత్ ఎవరి కోసం? మరుసటి ఏడాది ఫరూఖాబాద్ ఉప ఎన్నికలో గెలిచి ఆయన లోక్‌సభకు వచ్చారు. 1963 ఆగస్టులో మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం మీద బహస్ జరిగింది. దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడు అణాల మీద బతుకుతున్నారని లోహియా అన్నారు. కాదు, పదిహేను అణాలని సర్కారు అంది. మూడా, పదిహేనా అని అంకెల జంగ్ నడిచింది. తీర్మానం 62-347తో వీగిపోయింది. కానీ గరీబు రోజువారీ ఆమ్దనీ ఎంత అన్నది పార్లమెంటు నడిబొడ్డున హుకూమత్ జవాబు చెప్పుకోవాల్సిన సవాల్ అయ్యింది. ఒకే ఒక్క ఉప ఎన్నిక గెలుపుతో వచ్చింది ఇది. ఆయన పార్టీకి 1962లో దక్కిన లోక్‌సభ సీట్లు ఆరంటే ఆరు.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే నా దిల్‌కు హాయిగానే ఉండేది. కానీ ఆ 1963 ఉప ఎన్నికలకు ఇంకో ముఖం ఉంది. కాంగ్రెస్‌ను ఓడించడానికి ప్రతిపక్షాలన్నీ ఒక చోట చేరాయి. అమ్రోహాలో కృపలానీ, కాంగ్రెస్ కేంద్రమంత్రి హాఫిజ్ మహమ్మద్ ఇబ్రహీంను ఓడించారు. జౌన్‌పూర్‌లో జనసంఘ్ నాయకుడు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ కోసం లోహియా ప్రచారం చేశారు. 1967 నాటికి ఇదే కాంగ్రెసేతర వాదం అయ్యింది. సంయుక్త సోషలిస్టు పార్టీకి లోక్‌సభలో 23 సీట్లు, బిహార్ అసెంబ్లీలో 68. అక్కడ సోషలిస్టులు, జనసంఘ్, కమ్యూనిస్టులు అందరూ కలిసి హుకూమత్ కట్టారు. సోషలిస్టు కర్పూరీ ఠాకూర్ ఉప ముఖ్యమంత్రి.

ఆ సర్కారు కాలంలోనే బిహార్‌లో ఉర్దూను రెండో అధికార భాష చేయాలనే బిల్లు కదిలింది. జనసంఘ్ సర్కారులో ఉంటూనే దాన్ని వ్యతిరేకించింది. 1967 ఆగస్టు 22న రాంచీలో ఉర్దూ వ్యతిరేక జులూస్‌తో ఫసాద్ మొదలైంది. వారం రోజులు సాగింది. విచారణ కమిషన్ లెక్క ప్రకారం 184 మంది చచ్చిపోయారు, అందులో ఎక్కువమంది ముసల్మాన్లు. ఒక జబాన్ కోసం. నేను చదువుకున్న జబాన్ కోసం.

1954లో మార్తాండం తూటాకు నైనీ జైలు నుంచి తార్ వచ్చింది. రాంచీకి మంత్రివర్గం దిగిపోలేదు. 1968 జనవరిలో ఫిరాయింపులతో పడిపోయేదాకా నడిచింది. లోహియా 1967 అక్టోబరు 12న కన్నుమూశారు. ఇంకా ఉంటే ఏం చేసేవారో అని ఆయన అభిమానులు అంటుంటారు. నేను ఆ బహస్‌లోకి పోను. చిన్న పార్టీకి జమానత్ పోవడం పెద్ద ముసీబత్ కాదనీ, తన బలం కానిదాని మీద గెలిచాక నోరు పెగలకపోవడమే అసలు ముసీబత్ అనీ నాకు తెలిసింది మాత్రం ఈ రెండు తారీఖులు పక్కపక్కన పెట్టుకున్నాకే.

దోస్త్ మాటకు ఇంకో జవాబ్ కూడా ఉంది, ఇది పుస్తకాల్లోది కాదు. కొన్నేళ్ల కింద ఒక చిన్న పార్టీ అభ్యర్థి, పెద్దాయన, చేతిలో ఒకే ఒక ప్రెస్‌నోట్ పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. రెండు లైన్లయినా వేయమని అడిగాడు. గెలవరు కదా చాచా, మరి ఎందుకు అన్నాను. నామినేషన్ వేస్తే బూత్‌లో ఏజెంటును కూర్చోబెట్టుకోవచ్చు బేటా, అన్నాడు. మా బస్తీ వాళ్ల పేరు మీద ఇంకెవడైనా ఓటేయడానికి వస్తే, వీడు ఆ మనిషి కాదు అని చెప్పడానికి లోపల ఒకడు ఉండాలి కదా. పెద్ద పార్టీల ఏజెంట్లు ఉంటారు గానీ వాళ్లు మా వాళ్ల ముఖాలు గుర్తుపట్టరు. లోక్‌సభకు 25,000, అసెంబ్లీకి 10,000 కడతాం, ఎస్సీ, ఎస్టీలకు సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అది పోతుంది. పోతే పోనీ, చందాలు వేసుకున్న పైసలే కదా అన్నాడు. రెండు లైన్లు వేశాం.

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో మళ్లీ 1952 లెక్కే చిన్న రూపంలో కనిపించింది. సీపీఐ కాంగ్రెస్‌తో పొత్తులో ఒక్క కొత్తగూడెంలో నిలబడి ఒక్కటీ గెలిచింది. సీపీఎం పొత్తు కుదరక 19 చోట్ల సొంతంగా నిలబడి ఒక్కటీ గెలవలేదు. చాయ్ హోటళ్లలో సీపీఐ హోషియారీని మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ ఒక్క సీటుకు రేపు ఎన్ని చోట్ల ఖామోష్‌గా ఉండాల్సి వస్తుందో అన్న ఫికర్ పట్టుకుంది. 19 చోట్ల నిలబడినవాళ్ల గురించి ఇంకో ఫికర్: ఆ 19లో ఎన్నింటిలో వాళ్ల జైలు ఉంది, ఎన్నింటిలో వాళ్ల పార ఉంది?

అంతకు నాలుగేళ్ల ముందు, 2019 అక్టోబరులో, హుజూర్‌నగర్‌కు మళ్లీ ఉప ఎన్నిక వచ్చింది. సీపీఐ అభ్యర్థిని పెట్టలేదు. అధికారంలో ఉన్న టీఆర్ఎస్‌కు మద్దతు ప్రకటించింది. ఇంతలో ఆర్టీసీ కార్మికుల సమ్మె మొదలైంది. సర్కారు ఆ సమ్మె విషయంలో మొండిగా ఉండడంతో సీపీఐ మద్దతు వెనక్కి తీసుకుంది. అప్పటికి నామినేషన్ల గడువు దాటిపోయింది. 1952లో మఖ్దూంను అసెంబ్లీకి పంపిన ఆ పల్లెల్లో, సమ్మె చేస్తున్న డ్రైవర్, కండక్టర్ ఇంటివాళ్లు పోలింగ్ నాడు లైన్లో నిలబడి లోపలికి పోతే, మిషన్ మీద మఖ్దూం పార్టీ పేరు లేదు.